రొమ్ములో గడ్డ: ముందు అదేమిటో తేలాలి

ఫ్రాన్సిస్ బర్నీ ఇంగ్లండుకు చెందిన పేరున్న నవలా రచయిత్రి. 1811 సెప్టెంబర్ 30న పారిస్‌లో, ఆమె ఇంట్లోనే, కుడి రొమ్ము తొలగించారు. కోసిన వాడు నెపోలియన్ సైన్యంలో పెద్ద వైద్యుడు లారే. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని కాలం అది. కాస్త ద్రాక్షసారా తాగించి, ముఖం మీద పల్చటి గుడ్డ కప్పి కోత మొదలుపెట్టారు. తాను పడిన నరకాన్ని ఆమె తర్వాత అక్కకు రాసిన ఉత్తరంలో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆపరేషన్ తర్వాత 28 ఏళ్లు బతికి, 87వ ఏట కన్నుమూసింది. అన్నేళ్లు బతికిందంటే అది నిజంగా క్యాన్సరేనా, ఏ అపాయమూ లేని మామూలు గడ్డా అన్న అనుమానం వైద్య చరిత్ర రాసేవారిని ఇప్పటికీ వదల్లేదు. కోసే ముందు తేల్చుకునే దారి ఆ రోజుల్లో లేదు. చేతికి గడ్డ తగిలింది, తీసేశారు.

ఇవాళ ఆ దారి ఉంది. జిల్లా కేంద్రంలోనే స్కానింగు, సూది పరీక్ష దొరుకుతున్నాయి. అయినా రెండు రకాల తప్పులు మన ఇళ్లలో జరుగుతూనే ఉన్నాయి. నొప్పి లేదు కదా అని, ఎవరికైనా చెప్పాలంటే సిగ్గుపడి, గడ్డను నెలల తరబడి దాచుకునేవారు ఒకవైపు. గడ్డ అనగానే గుండె జారిపోయి, తెల్లారేసరికి తీయించేయాలని పట్టుబట్టేవారు మరోవైపు. పైకి ఎదురెదురుగా కనిపిస్తున్నా ఇద్దరూ దాటేస్తున్నది ఒకే మెట్టు. ఆ గడ్డ ఏమిటో తేలకముందే ఏం చేయాలో నిర్ణయించేసుకుంటున్నారు.

రొమ్ములో కనిపించే గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావు. వయసు తగ్గేకొద్దీ ఈ మాట మరింత నిజం. కానీ మీ గడ్డ ఆ అత్యధికంలో ఉందో లేదో పరీక్ష చెప్పాలి తప్ప లెక్కలు చెప్పలేవు.

నెలనెలా మారే అవయవం

రొమ్ములో 15 నుంచి 20 దాకా పాలగ్రంథుల విభాగాలు ఉంటాయి. ఒక్కో విభాగంలో పాలు తయారయ్యే చిన్న చిన్న తిత్తులు, వాటి నుంచి చనుమొన దాకా వచ్చే నాళాలు. వీటి చుట్టూ కొవ్వు, నార కణజాలం. ఈ నిర్మాణమంతా అండాశయాలు విడుదల చేసే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల చెప్పుచేతల్లో నడుస్తుంది. రజస్వల అయ్యే వయసులో పెరుగుతుంది, ప్రతి నెలసరికి ముందు కాస్త ఉబ్బి తర్వాత తగ్గుతుంది, గర్భం వస్తే పాలకు సిద్ధమవుతుంది, ముట్లు ఆగిపోయే వయసుకు గ్రంథులు కుంచించుకుపోయి వాటి చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. ఒంట్లో ఇన్ని మార్పులకు లోనయ్యే అవయవాలు తక్కువ.

ఇన్నిసార్లు పెరిగి తగ్గే క్రమంలో అక్కడక్కడా కొలత తప్పుతుంది. ఒకచోట పెరుగుదల కొంచెం ఎక్కువవుతుంది, మరోచోట కుంచించుకోవాల్సిన తిత్తిలో నీరు నిలుస్తుంది. క్యాన్సర్ కాని గడ్డల్లో చాలావరకు ఇలా పుట్టేవే. వేల్స్‌లోని కార్డిఫ్ వైద్యులు హ్యూజ్, మాన్సెల్, వెబ్‌స్టర్ 1987లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతినే సూత్రంగా చెప్పారు. వీటిని జబ్బులుగా లెక్కకట్టడం మానేసి, సహజమైన పెరుగుదలలో, క్షీణతలో వచ్చే చిన్న తేడాలుగా చూడాలన్నారు. అంతకుముందు డజను పేర్లతో రోగుల్ని బెదరగొట్టిన గందరగోళాన్ని ఈ చూపు చాలావరకు సర్దింది.

వయసును బట్టి ఏ గడ్డ కావచ్చో తొలి ఊహ కూడా ఇక్కడి నుంచే వస్తుంది. పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య పెరుగుదల గడ్డలు ఎక్కువ. ఆ తర్వాత నలభై దాకా నెలసరితో వచ్చిపోయే నొప్పులు, గరుకుదనం. ముప్పై అయిదు దాటాక యాభై అయిదు దాకా నీటి తిత్తులు. ముట్లు పూర్తిగా ఆగిపోయాక కొత్తగా గడ్డ కనిపిస్తే మాత్రం, తేలేదాకా దాన్ని అనుమానంగానే చూడాలి.

పట్టుబడకుండా జారిపోయే గడ్డ

కాలేజీ వయసు అమ్మాయిల్లో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఎడినోమా. నార కణజాలం, పాలగ్రంథి కణజాలం రెండూ కలిసి ఒకచోట ముద్దగా పెరిగితే ఏర్పడుతుంది. నున్నగా, గుండ్రంగా, రబ్బరులాంటి గట్టిదనంతో ఉంటుంది. దాని అసలు గుర్తు కదలిక. రెండు వేళ్ల మధ్య పట్టుకోబోతే ఇటు నుంచి అటు జారిపోతుంది. చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కోకపోవడం వల్లే అలా కదులుతుంది. నొప్పి సాధారణంగా ఉండదు. చాలావాటి పరిమాణం ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు. కొందరిలో ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి, రెండు రొమ్ముల్లోనూ ఉండొచ్చు. గర్భం వచ్చినప్పుడు హార్మోన్ల వల్ల పెరగొచ్చు, ముట్లు ఆగాక కుంచించుకుపోతాయి. చిన్న వయసులో వచ్చినవి కూడా కొన్నేళ్లలో వాటంతట అవే తగ్గడమో, అలాగే ఉండిపోవడమో ఎక్కువ.

మామూలు ఫైబ్రోఎడినోమా క్యాన్సర్‌గా మారుతుందన్న భయం అక్కర్లేదు. అలా జరగడం అత్యంత అరుదు. దీన్ని పోలినట్టే ఉండి వేరే దారి పట్టేది ఫిల్లోడిస్ గడ్డ. ఇది ఎక్కువగా నలభైల్లో కనిపిస్తుంది, నెలల్లోనే గబగబా పెరుగుతుంది. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాకపోయినా, గడ్డను మాత్రమే ఊడదీస్తే మళ్లీ అక్కడే వస్తుంది. అందుకని చుట్టూ కొంత మంచి కణజాలంతో కలిపి తీస్తారు. వేగంగా పెరిగే గడ్డను వయసుతో పని లేకుండా వెంటనే చూపించాలనడానికి ఇదొక కారణం.

నీటి తిత్తులు, పాల గడ్డలు, మరికొన్ని

నలభైల్లో ఉన్న స్త్రీకి రాత్రికి రాత్రే పుట్టినట్టు గడ్డ చేతికి తగిలితే అది చాలాసార్లు నీటి తిత్తి అవుతుంది. లోపల నీరు బిగిసి ఉండటం వల్ల గట్టిగా అనిపిస్తుంది, నొక్కితే నొప్పి కూడా ఉండొచ్చు. స్కానింగులో కేవలం నీరే అని తేలితే, బాధ లేకపోతే, ఏమీ చేయనక్కర్లేదు. నొప్పిగా ఉంటే సన్నని సూదితో నీరు లాగేస్తారు, గడ్డ అక్కడికక్కడే మాయమవుతుంది. లాగిన నీటిలో నెత్తురు ఉన్నా, నీరు తీశాక కూడా గడ్డ మిగిలినా, తిత్తి లోపల గట్టి భాగం కనిపించినా అప్పుడు ముక్క తీసి పరీక్షించాలి.

బాలింతలది వేరే సంగతి. పాలు గడ్డకట్టాయని ఇంట్లో వాళ్లు గట్టిగా పిసకడం, మర్దన చేయడం మనకు అలవాటు. దానివల్ల లోపలి వాపు పెరుగుతుంది. బిడ్డకు పాలివ్వడం ఆపకూడదు. చలి జ్వరం, ఎరుపు, సలుపు ఉంటే చీము పట్టే దశకు పోకముందే డాక్టరును కలవాలి. ఎక్కువసార్లు దీనికి కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, యాంటీబయాటిక్‌లకు లొంగుతుంది. చీము చేరినా ఇప్పుడు పెద్ద కోత పెట్టడం తగ్గింది. స్కానింగులో చూస్తూ సూదితో చీము లాగడమే ముందు చేసే పని, అవసరమైతే రెండు మూడుసార్లు. పసరు కట్లు కట్టి రోజులు గడిపితే లోపల చీము గూడు కట్టుకుంటుంది. మరో హెచ్చరిక కూడా గుర్తుంచుకోవాలి. మందులు సరిగా వాడినా ఒకటి రెండు వారాల్లో ఎరుపు, వాపు తగ్గకపోతే, పాలిచ్చే తల్లి అయినా సరే, ముక్క పరీక్ష చేయించాలి. వాపు రూపంలో వచ్చే క్యాన్సర్ కూడా ఉంది.

మన దేశంలో రొమ్ముకు క్షయ సోకడమూ ఉంది. పుండు మానినట్టే మాని మళ్లీ చీము కారుతుంటే వైద్యులు ఆ దిశగా పరీక్షిస్తారు. బిడ్డ పుట్టిన కొన్నేళ్ల లోపు కొందరికి వచ్చే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే వాపు, చూపుకీ స్కానింగుకీ అచ్చం క్యాన్సర్‌లా కనిపించి ముక్క పరీక్షలో కాదని తేలుతుంది. దెబ్బ తగిలిన చోట కొవ్వు చచ్చి గట్టిపడినా గడ్డే కనిపిస్తుంది. ఒక్క చనుమొన నుంచి, ఒకే రంధ్రం నుంచి నెత్తురు వస్తుంటే పాలనాళంలో పెరిగే పాపిలోమా కారణం కావచ్చు. పాపిలోమా క్యాన్సర్ కాకపోయినా, నెత్తురుకు కారణం అదేనని రూఢి చేసుకున్నాకే స్థిమితపడాలి.

తేల్చే మూడు మెట్లు

వైద్యులు దీన్ని ట్రిపుల్ అసెస్‌మెంట్ అంటారు. చేత్తో పరీక్ష, స్కానింగు లేదా మామోగ్రామ్, సూది పరీక్ష.

మొదటి మెట్టులో డాక్టరు రెండు రొమ్ములనూ, రెండు చంకలనూ చూస్తారు. గడ్డ కదులుతోందా, చర్మాన్ని లోపలికి లాగుతోందా, చంకలో బిళ్లలు ఉన్నాయా అన్నది చూడటానికి. ఈ పరీక్ష చేయించుకోవడానికి సిగ్గు అడ్డురానీయకండి. అక్క, అమ్మ, స్నేహితురాలు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. గదిలో మహిళా సిబ్బంది ఉండాలని అడిగే హక్కు మీకుంది.

రెండో మెట్టు వయసును బట్టి మారుతుంది. నలభై ఏళ్ల లోపు వారికి అల్ట్రాసౌండ్ ముందు. ఆ వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉండి మామోగ్రామ్‌లో తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది కనుక కలిసిపోతుంది. నలభై దాటితే మామోగ్రామ్, దానితో పాటు అల్ట్రాసౌండ్. స్కానింగు తెర మీద తేడా చక్కగా కనిపిస్తుంది. నీటి తిత్తి పూర్తి నల్లగా, పల్చటి గోడతో ఉంటుంది, దాని వెనుక భాగం వెలుగుతున్నట్టు తెల్లబారుతుంది. ఫైబ్రోఎడినోమా బూడిద రంగులో, నున్నటి అంచుతో, చర్మానికి సమాంతరంగా అడ్డంగా పడుకుని ఉంటుంది. అంచులు గీరుకుపోయినట్టు ఉండి, అడ్డం కంటే నిలువు ఎక్కువగా ఉంటే అనుమానించాలి.

మూడోది సూది పరీక్ష. సన్నని సూదితో కణాలు మాత్రమే తీసేది ఎఫ్‌ఎన్‌ఏసీ. లావు సూదితో ముక్క తీసేది కోర్ బయాప్సీ. కణాల కంటే ముక్క ఎక్కువ చెబుతుంది, అందుకే ఇప్పుడు దానికే మొగ్గు. చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, తెర మీద సూది మొన గడ్డను చేరడం చూస్తూ స్ప్రింగు మీట నొక్కుతారు. టక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు ముందే వినిపిస్తే ఉలికిపాటు తగ్గుతుందని కొందరు డాక్టర్లు ఖాళీగా ఒకసారి నొక్కి చూపిస్తారు. సేమ్యా పోగంత సన్నగా, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున ముక్క వస్తుంది. అలాంటివి మూడు నాలుగు తీసి ఫార్మలిన్ సీసాలో వేసి పంపుతారు. కాసేపు గట్టిగా అదిమి పట్టి, చిన్న పట్టీ వేసి ఇంటికి పంపించేస్తారు.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట పల్లెల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ వినిపిస్తుంది. అది నిజం కాదు. సూది పరీక్షకు భయపడి పోగొట్టుకున్న నెలలే నిజంగా ప్రాణం మీదికి తెస్తాయి. మూడు పరీక్షలూ ఒకే మాటగా క్యాన్సర్ కాదంటే, ఆ తీర్పు నూటికి 99కి పైగా నిలుస్తుంది. మూడింటిలో ఒకటి తేడాగా చెబితే మళ్లీ పరీక్షించాలి, అవసరమైతే గడ్డనే తీసి చూడాలి.

స్కానింగు రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1 అంటే ఏమీ కనిపించలేదని, 2 అంటే కచ్చితంగా క్యాన్సర్ కాదని. 3 అంటే దాదాపుగా కాదు, అవకాశం నూటికి రెండుకు మించదు కనుక ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ స్కానింగు చేసి చూడాలని. 4, 5 అయితే ముక్క పరీక్ష తప్పనిసరి. 0 అంటే పరీక్ష ఇంకా పూర్తి కాలేదని మాత్రమే. ఆ సున్నాను చూసి ఏమీ లేదనుకుని రిపోర్టు బీరువాలో పెట్టేయకూడదు.

తీయించాలా, ఉంచుకోవాలా

ఫైబ్రోఎడినోమా అని తేలి, చిన్నదిగా ఉండి, పెరగకుండా ఉంటే దాన్ని అలాగే వదిలేయొచ్చు. పాతికేళ్ల లోపు అమ్మాయికి చేతి పరీక్షలోనూ స్కానింగులోనూ అన్ని గుర్తులూ సరిపోతే ముక్క కూడా తీయకుండా కొన్ని నెలల తర్వాత మళ్లీ చూసే పద్ధతి ఉంది. మూడు నాలుగు సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, రూపం మారుతున్నా, పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా తీయాలి. గడ్డ ఉందన్న ఆలోచనే మనసును తినేస్తుంటే ఆ అమ్మాయి కోరిక కూడా సరైన కారణమే. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచునో, రొమ్ము కింది మడతలోనో కోత పెడితే మచ్చ పెద్దగా కనబడదు. ఉదయం చేసి సాయంత్రం ఇంటికి పంపేంత చిన్న ఆపరేషన్. కొన్నిచోట్ల చిన్న గడ్డల్ని వ్యాక్యూమ్ సూదితో ముక్కలు ముక్కలుగా లాగేసే పద్ధతీ ఉంది.

పెళ్లీడు కూతురికి గడ్డ ఉందంటే సంబంధాలు రావని దాచే తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఫైబ్రోఎడినోమా ఉన్నంత మాత్రాన పెళ్లికీ, గర్భానికీ, బిడ్డకు పాలివ్వడానికీ అడ్డేమీ లేదు. దాచడం వల్ల ఆ పిల్ల ఒంటరిగా భయపడటం తప్ప ఒరిగేది లేదు.

నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి నొప్పెట్టడం, గరుకుగా తగలడం చాలామందికి ఉంటుంది. క్యాన్సర్ కాదని పరీక్షలో తేలాక, ఆ ధైర్యంతోనే ఎక్కువమందికి ఉపశమనం వస్తుంది. సరిగ్గా పట్టే బ్రా వేసుకోవడం, నొప్పి ఉన్నచోట డైక్లోఫెనాక్ జెల్ రాయడం పనికొస్తాయి. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె గుళికలు బాగా రాస్తుంటారు కానీ పరిశోధనల్లో వాటి మేలు స్పష్టంగా నిలబడలేదు. నొప్పి ఎక్కువైన వారికి మన దేశంలో డాక్టర్లు సెంట్‌క్రోమన్ వాడతారు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు ఇది. ప్రభుత్వం ఛాయ పేరుతో ఉచితంగా ఇచ్చే గర్భనిరోధక మాత్రలో ఉన్నదీ ఇదే. నెలసరి వెనక్కి జరగొచ్చు, గర్భం కోరుకునేవారికి పనికిరాదు. కనుక దుకాణంలో అడిగి కొనుక్కునే మందు కాదు, డాక్టరు రాస్తేనే వాడాలి.

ఈ గడ్డ ఉంటే రేపు క్యాన్సర్ వస్తుందా

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బయాప్సీలో క్యాన్సర్ కాదని తేలిన 9,087 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. కణాలు అదనంగా పెరగని మామూలు గడ్డలున్నవారిలో ముప్పు ఇతర స్త్రీల కంటే పెద్దగా ఎక్కువ కాదు. 1.27 రెట్లు. కణాలు ఎక్కువగా పెరిగినా తీరుగానే ఉంటే 1.88 రెట్లు. కణాలు పెరగడమే కాక వాటి తీరు కూడా మారిన ఎటిపికల్ హైపర్‌ప్లేసియా ఉంటే 4.24 రెట్లు. ఈ చివరి రకం వారే ఏటేటా పరీక్షలతో, నిపుణుల సలహాతో జాగ్రత్తగా ఉండాల్సినవారు. అందుకే ముక్క రిపోర్టులో ఎటిపియా అన్న మాట ఉందో లేదో డాక్టరును ప్రత్యేకంగా అడగండి. అమ్మకో, అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సరో, అండాశయ క్యాన్సరో వచ్చి ఉంటే అదీ చెప్పండి.

గమనించడం, చూపించడం

అద్దం ముందు నిలబడి నెలనెలా లెక్కప్రకారం పరీక్షించుకోవాలని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది స్త్రీల మీద దీన్ని పరీక్షించి 2002లో తుది లెక్క చెప్పారు. నేర్చుకున్నవారిలో క్యాన్సర్ మరణాలు తగ్గలేదు, మామూలు గడ్డలకు బయాప్సీలు మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి. మన ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఇంకో దారి పట్టింది. బస్తీల్లోని లక్షన్నర మంది స్త్రీలలో సగం మందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత 2021లో వచ్చిన ఫలితం చూస్తే, ఆ పరీక్షలు అందినవారిలో క్యాన్సర్ ముందు దశలోనే దొరికింది. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఈ రెండూ కలిపి చూస్తే చేయాల్సింది అర్థమవుతుంది. మీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిసి ఉండాలి. స్నానం చేసేటప్పుడో, బట్టలు మార్చుకునేటప్పుడో కొత్త తేడా కనిపిస్తే చూపించాలి. నెలసరి మొదలైన వారం పది రోజులకు రొమ్ము మెత్తబడి ఉంటుంది కనుక అప్పుడు తేడా తేలిగ్గా తెలుస్తుంది. గట్టిగా, కదలకుండా ఉన్న గడ్డ, చర్మం లోపలికి లాక్కుపోవడం, చర్మం మందమై చిన్న గుంటలు పడటం, చనుమొన కొత్తగా లోపలికి తిరగడం, దాని మీద మానని పుండు, నెత్తురు కారడం, చంకలో బిళ్ల... వీటిలో ఏది కనిపించినా ఈ వారంలోనే వెళ్లాలి. నొప్పి లేకపోవడం ధైర్యానికి కారణం కాదు. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. పైగా మన దేశంలో అది పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే, నలభైల్లోనే ఎక్కువగా బయటపడుతోంది.

ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ చేత్తో రొమ్ము పరీక్ష చేయాలన్నది 2016 నుంచి ఉన్న జాతీయ కార్యక్రమం. తెలంగాణలో పల్లె దవాఖాన, బస్తీ దవాఖానల్లో, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో ఏఎన్ఎంను అడగండి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వివరాలు అడిగితే దాచకండి. పెద్దాసుపత్రికి వెళ్తే రొమ్ము గడ్డను చూసేది జనరల్ సర్జరీ ఓపీ. ఇది తెలియక గైనకాలజీ వరుసలో నిలబడి పూట పోగొట్టుకునేవారు ఎందరో.

క్యాన్సర్ కాదని తేలిన రోజు ఊపిరి పీల్చుకోండి, ఆ రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో పైన రాసుకోండి. గడ్డ కొలత ఆ కాగితం మీదుంటేనే, ఆరు నెలల తర్వాత పెరిగిందో తగ్గిందో చెప్పగలిగేది. ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా చేతికి ఏదో తగులుతోందని చెబితే వయసులో అవన్నీ మామూలేనని కొట్టిపారేయకండి, అయ్యో అని ఏడుపు అందుకోకండి. ఆ వారంలోనే వెంటబెట్టుకుని వెళ్లండి. అది మామూలు గడ్డే అయ్యే అవకాశం ఎక్కువ. అవునో కాదో తెలుసుకునే ఆ నాలుగు రోజులూ ఆమె పక్కన ఒక మనిషి ఉండాలి.